పాత తోటలు, పరాయి భాషలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పాత తోటల పునరుద్ధరణ నా పని. 18వ శతాబ్దపు ఫ్రెంచి తోటల లెక్కల పుస్తకాలు, మొక్కల జాబితాలు సొంతంగా చదువుకోవాలని ఉంది. మాట్లాడే అవసరం లేదు. ఈ వయసులో ఏడాదిలో సాధ్యమేనా?

జవాబు: రోజుకు గంట కేటాయించగలిగితే సాధ్యమే. చదవడం ఒక్కటే లక్ష్యం కాబట్టి పని చాలావరకు తగ్గింది. అలాగని ఉచ్చారణ పూర్తిగా వదిలేయకండి. మొదటి రెండు వారాలు ఏ అక్షరాలు కలిస్తే ఏ ధ్వని వస్తుందో నేర్చుకోండి. అంతగా చదువుకోని తోటమాలులు, మేస్త్రీలు చెవికి వినిపించినట్టు రాసేవారు. వింత స్పెల్లింగు పైకి చదివితేనే పట్టుబడుతుంది.

తర్వాత మూడు నెలలు వ్యాకరణం, అదీ చూసి గుర్తుపట్టేంత వరకే. తప్పుల్లేకుండా రాయడం మీకెందుకు? లెక్కల పుస్తకాల్లో వాక్యాలు పొట్టివి, చెప్పిందే మళ్లీ చెబుతాయి: ఇంతమందికి ఇన్ని రోజుల కూలి, ఇన్ని మొక్కలు, ఇన్ని బళ్ల పెంట. కాబట్టి నాలుగో నెల నుంచే అసలు పత్రాలు పట్టుకోండి. ముందు అచ్చువి, చేతిరాతవి తర్వాత.

మామూలు ఫ్రెంచి పాఠాల్లో దొరకని చిక్కులు కొన్ని ఉన్నాయి. పాత అచ్చులో మాట మధ్యలో వచ్చే ‘ఎస్’ అక్షరం ‘ఎఫ్’ లాగా కనిపిస్తుంది. నేడు ‘ఎ-ఐ’ అని రాసే భూతకాల క్రియాంతాల్ని అప్పట్లో ‘ఓ-ఐ’ అని రాసేవారు. ఫ్రెంచి అకాడమీ తన నిఘంటువులో దీన్ని మార్చింది 1835లో. అందుకే ఆ రూపాలు నేటి క్రియల పట్టికల్లో కనబడవు. 1793 చివరి నుంచి 1805 చివరి దాకా తేదీలు ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం తెచ్చిన కొత్త క్యాలెండరులో ఉంటాయి. ‘9వ సంవత్సరం’ అని కనిపిస్తే అది 1800 సెప్టెంబరులో మొదలైన ఏడాది.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాట్లు కొలతల దగ్గర జరుగుతాయి. ఫ్రెంచి అడుగు ‘ప్యే’ 32.48 సెంటీమీటర్లు, మనకు అలవాటైన అడుగు 30.48. నూరు అడుగుల దారిని మామూలు అడుగుల్లో వేస్తే రెండు మీటర్లు తక్కువ వస్తుంది. అటుపై చెట్ల ఎడం ఏదీ సరిపోదు. ఆరు ప్యేలు ఒక ‘త్వాజ్’, అంటే 1.949 మీటర్లు. ప్యేలో పన్నెండో వంతు ‘పూస్’, 2.7 సెంటీమీటర్లు. ఇంకొకటి: ‘పలిసాద్’ అనే మాటకు నిఘంటువు కర్రల దడి అని చెబుతుంది. తోట పత్రాల్లో మాత్రం అది సాధారణంగా గోడలా ఎత్తుగా కత్తిరించిన చెట్ల వరస, చాలాచోట్ల హార్న్‌బీమ్ అనే చెట్టు. నిఘంటువును నమ్మి దడి కట్టించేరు సుమా!

ప్రశ్న: కొత్త భాషలో ఈ రోజు నేర్చిన మాటలు మర్నాటికి మాయం. వయసు మీద పడటం వల్లేనా?

జవాబు: వయసు పాత్ర కొంతే, లోపం ఎక్కువగా పద్ధతిలో ఉంటుంది. జాబితాను పదేపదే చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, పుస్తకం మూస్తే ఒక్కటీ రాదు. అర్థం కప్పేసి, బుర్రలోంచి బయటికి లాగే ప్రయత్నమే మాటను నిలబెడుతుంది. చీటీకి ఒకవైపు ఆ మాట ఉన్న చిన్న వాక్యం, వెనక అర్థం రాయండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు, నెలకు చూడండి. తప్పితే మళ్లీ మొదటి మెట్టుకే.

రోజుకు 10 కొత్త చీటీలు మించొద్దు. ఒక్కో చీటీ అయిదుసార్లు తిరిగొస్తుంది కాబట్టి నెల దాటేసరికి రోజూ 50 పాతవి ఎదురవుతాయి. ఉత్సాహంగా 30తో మొదలుపెడితే అవి 150 అవుతాయి, చాలామంది అక్కడే మానేస్తారు. దగ్గరి అర్థాల మాటల్ని ఒకేరోజు ఎక్కించుకున్నా ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అందుకే చెట్ల పేర్లన్నీ ఒక రోజున, పనిముట్లన్నీ ఇంకో రోజున వద్దు, కలిపి వేసుకోండి.

ప్రశ్న: విదేశంలో ఒక పాత తోటలో శిక్షణకు వెళ్తున్నాను. మూడు నెలలే ఉంది. భాషలో ముందు ఏం నేర్చుకోవాలి?

జవాబు: అంకెలు, కొలతలు, కుడి ఎడమలు, ‘ఆపు’, ‘వదులు’, ‘ఇక్కడిదాకా’ లాంటి ఆజ్ఞలు. అంకెలు చదవడం కాదు, వేగంగా చెబుతుంటే విని రాసుకోవడం సాధన చేయండి. చెప్పిన పనిని మీ మాటల్లో తిరిగి చెప్పి సరేననిపించుకున్నాకే కత్తెర తీయండి. యాస గురించి బెంగ వద్దు.

ప్రశ్న: మేం చూసుకునే చారిత్రక తోటలో బాక్స్ అనే చిన్నాకుల పొద మొక్కలతో మడుల చుట్టూ వేసిన అంచులు ఎండిపోతున్నాయి. మొత్తం పీకేసి వేరే మొక్క పెట్టాలా?

జవాబు: పీకే ముందు పట్టిందేమిటో చూడండి. ఆకుల మీద ముదురు గోధుమ మచ్చలు, లేత కొమ్మలపై సన్నని నల్లచారలు, ఆపైన ఆకులు రాలి కొమ్మలు బోసిపోవడం: ఇది బాక్స్ బ్లైట్ అనే శిలీంధ్రపు తెగులు. ఆకులు కొరికేసి, సాలెపోగులు అల్లుకుని, నల్లచారల ఆకుపచ్చ గొంగళ్లు కనిపిస్తే అది బాక్స్ రెక్కల పురుగు. పురుగుకు బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాతో చేసిన మందు పనిచేస్తుంది. అయితే పురుగు దాన్ని తినాలి, అదీ లేత దశలో. పై ఆకులు తడిపి ఊరుకుంటే లాభం లేదు, పొద లోపలి దాకా పిచికారీ చేయాలి.

బ్లైట్ వేర్లకు సోకదు, కనుక మొక్క మళ్లీ చిగురించే ఆశ ఉంది. పొడిగా ఉన్న రోజున కింద పట్టా పరిచి, ఆరోగ్యంగా ఉన్న కొమ్మ వచ్చేదాకా కత్తిరించండి. రాలిన ప్రతి ఆకూ ఏరి తోట బయటికి పంపండి, కంపోస్టులో వద్దు. రాలిన ఆకుల్లో ఈ శిలీంధ్రం అయిదారేళ్లు బతకగలదు. ఒక మడి నుంచి ఇంకో మడికి వెళ్లేముందు కత్తెరల్ని క్రిమిసంహారకంతో తుడవాలి. నీళ్లు పైనుంచి చల్లకుండా మొక్క మొదలు దగ్గర పోయాలి. తరచూ బిగువుగా కత్తిరించిన అంచులో గాలి ఆడదు, తడి ఆరదు, తెగులుకు కావలసిందదే. పాత తోటల అంచుల్లో ఎక్కువగా వాడిన పొట్టి రకం సఫ్రూటికోసాకే ఇది బాగా సోకడం మన దురదృష్టం.

అయినా మొక్క మార్చక తప్పకపోతే ఐలెక్స్ క్రెనేటా (జపాన్ హోలీ పొద) ఆకు బాక్స్ ఆకుకు దగ్గరగా ఉంటుంది. దానికి ఆమ్లగుణం ఉన్న, నీరు నిలవని నేల కావాలి, సున్నపు నేలలో పసుపెక్కుతుంది. ముందు ఒక్క మూలలో నాటి రెండేళ్లు చూడండి. కొత్త మొక్కలు తెస్తే కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచండి. పాత అంచు ఎత్తు, వెడల్పు, గీత కొలిచి, మేకులు పాతి, ఫొటోలు తీశాకే పలుగు వేయండి. మొక్కల జాతి, ఎత్తు, ఎడం కూడా చారిత్రక తోటలో భాగమేనని చారిత్రక తోటల సంరక్షణకు రాసుకున్న అంతర్జాతీయ పత్రం, 1981 నాటి ఫ్లారెన్స్ చార్టర్ చెబుతుంది. కాబట్టి ఏం మార్చారో, ఎందుకు మార్చారో రికార్డులో ఉండాలి.

ప్రశ్న: దారికి రెండు పక్కలా ఉన్న పాత చెట్లు ఒక్కొక్కటే పోతున్నాయి. పోయినచోట పోయినట్టు నాటుతూ వెళ్లడం మంచిదేనా?

జవాబు: చవకైన దారి అదే, కానీ మేం సలహా ఇవ్వం. పెద్దచెట్ల నీడలో చిన్నమొక్క వెలుతురు వైపు వంగి, సన్నగా సాగుతుంది. వేర్ల పోటీ వేరే. కొన్నేళ్లకు వరస పళ్లూడిన దువ్వెనలా తయారవుతుంది. నిర్ణీత కాలానికి మొత్తం నరికి మళ్లీ నాటడాన్ని ఫ్లారెన్స్ చార్టర్ కూడా నిర్వహణలో భాగంగానే చూస్తుంది. దారిని పొడవునా ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో రెండు పక్కలా ఒకేసారి నాటండి. ఒక పక్క ఇప్పుడు, రెండోది పదేళ్లకు అంటే ఎత్తులు ఎన్నటికీ కలవవు.

నరకడానికి అయిదారేళ్ల ముందే పాత చెట్ల కొమ్మలతో అంటు కట్టించి నారు సిద్ధం చేసుకుంటే ఆకారం పోదు. అన్నీ ఒకే చెట్టు అంట్లయితే ఒక్క తెగులుతో వరసంతా పోవచ్చు, అందుకే నాలుగైదు తల్లిచెట్లు ఎంచుకోండి. మొదలు నుంచి మొదలుకు దూరం కొలిచి, మొద్దుల్ని తవ్వి తీసి, గోతుల్లో కొత్త మట్టి నింపాలి. బోలు చెట్లలో గబ్బిలాలున్నాయేమో ముందే చూడండి. నిర్ణయం మాత్రం మరీ సాగదీయకండి: 1999 డిసెంబరు తుపానులో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనం పార్కులో పదివేలకు పైగా చెట్లు కూలిపోయాయి.