ఇంట్లో ఒక్క కంప్యూటర్, నలుగురు మనుషులు

చిరంజీవి చిన్నాకు,

పెదనాన్న ఆశీస్సులు. అక్క ప్రాజెక్టు ఫైలు సేవ్ కాకుండా పోయిందన్న గొడవ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఆ ఫైలు నువ్వు ముట్టుకోలేదంటున్నావట, నమ్ముతాను. కానీ పడుకునే ముందు షట్‌డౌన్ కొట్టింది నువ్వే కదరా?

అక్క స్విచ్ యూజర్ నొక్కి లేచిందంటే పని ముగించిందని కాదు. తను తెరిచిన వర్డ్, క్రోమ్ అన్నీ వెనకాల నడుస్తూనే ఉంటాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. నువ్వు ఆపబోయినప్పుడు, వేరేవాళ్ళు ఇంకా ఈ పీసీ వాడుతున్నారు, సేవ్ చేయని పని పోవచ్చు అని అది ఇంగ్లీషులో అడిగే ఉంటుంది. ఆ ముక్క చదివేవాళ్ళు ఎంతమందిలే!

ఇకమీదట ఆ మాట కనబడితే ఆగు. మీది విండోస్ 10 కాబట్టి స్టార్ట్ మెనూలో నీ బొమ్మ మీద నొక్కు, మిగతావాళ్ళ పేర్లు వస్తాయి. ఎవరి పేరు కింద సైన్డ్ ఇన్ అని ఉంటే వాళ్ళ పని ఇంకా తెరిచే ఉన్నట్టు. వాళ్ళని పిలిచి సేవ్ చేయించు, ఆ తర్వాతే ఆపు.

టిఫిన్‌కి లేచినంతసేపటికి స్విచ్ యూజర్ చాలు. విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే లాక్ అవుతుంది, కింద ఎడమ మూలన రెండోవాళ్ళు తమ పేరు ఎంచుకుంటారు. కాలేజీకి వెళ్ళేటప్పుడు మాత్రం సైన్ ఔట్ అవ్వాల్సిందే, అంటే అన్నీ సేవ్ చేసి, మూసి బయటికి రావాలి. మీది 4 జీబీ ర్యామ్. ముగ్గురి పనులు లోపలే ఉంటే నీ గేమ్ నత్తనడక నడవదూ మరి!

నాన్న అకౌంటుకి పాస్‌వర్డ్ లేదని విన్నాను. కొట్టు లెక్కలన్నీ ఉన్న టాలీ అందులోనే ఉంది, పైగా అది అడ్మిన్ అకౌంటు, అంటే పీసీలో ఏ మార్పైనా చేయగలిగేది. ఈ రోజే పెట్టించు. నీది, అక్కది స్టాండర్డ్ అకౌంట్లే ఉండాలి. కొత్త గేమ్ వేసుకోవాలంటే చాలాసార్లు నాన్న పాస్‌వర్డ్ అడుగుతుంది, నీకు నచ్చదని తెలుసు. అందరికీ కావలసిన ఫొటోలు, బిల్లులు సి డ్రైవ్‌లో యూజర్స్ లోపలి పబ్లిక్ ఫోల్డర్‌లో వేసుకోండి. వాడట్లేదు కదా అని ఎవరి అకౌంటూ డిలీట్ చేయొద్దు, వాళ్ళ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా దాంతోపాటే పోతాయి.

ఇక అక్క ఫైలు సంగతి. వర్డ్ మామూలుగా పది నిమిషాలకోసారి తనంతట తాను ఒక కాపీ దాచుకుంటుంది. తన అకౌంట్లోకే వెళ్ళి వర్డ్ తెరవమను. ఎడమపక్క డాక్యుమెంట్ రికవరీ అని వస్తే వెంటనే సేవ్ చేసుకోమను. రాకపోతే నాకు ఫోన్ చేయించు.

మీ పెదనాన్న