సయనోటైప్ వెలవెలబోతోందా? ఎండని కాదు, నెగటివ్‌ని చూడు

తమ్ముడూ, బ్రోమైడ్ కాగితం (మామూలు నలుపు-తెలుపు ఫోటో కాగితం) మీద చక్కగా వచ్చే నెగటివే సయనోటైప్‌లో (రసాయనం పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి తీసే నీలం ఫోటోలో) వెలవెలబోతోందన్నావు, తెల్లగా ఉండాల్సిన చోటా నీలం కమ్ముతోందన్నావు. విజయనగరం ఎండని తిట్టకు. నీ నెగటివ్ పల్చన, అంటే అందులో నలుపు చాల్లేదు, అంతే. రెండో గ్రేడు (మామూలు కాంట్రాస్ట్) బ్రోమైడ్‌కి సాంద్రత తేడా, అంటే నెగటివ్‌లో బాగా నల్లని చోటుకీ బాగా పల్చని చోటుకీ మధ్య తేడా, 1.1 ఉంటే చాలు. సయనోటైప్‌కి సుమారు 1.5 కావాలి, ఉప్పు, వెండి లవణం పూసిన కాగితం మీద తీసే సాల్ట్ ప్రింట్‌కైతే ఇంకా ఎక్కువ.

కొలిచే మీటరు లేకపోతే నెగటివ్‌ని దినపత్రిక మీద పెట్టు. బాగా నల్లగా ఉన్నచోట, అంటే ఆకాశమో తెల్లచొక్కాయో, కింది అక్షరాలు సులువుగా కనిపిస్తే అది బ్రోమైడ్‌కే. కళ్లు చిట్లించి చదవాల్సొస్తే సయనోటైప్‌కి పనికొస్తాది.

ఇకపై తీసే రోల్‌ని డెవలపర్‌లో మూడోవంతు ఎక్కువసేపు ఉంచు. పాతవాటిని మళ్లీ ఉడికించలేం కదా! స్కాన్ చేసి, కాంట్రాస్ట్ పెంచి, ఇంక్‌జెట్ ట్రాన్స్‌పరెన్సీ (పారదర్శక షీటు) మీద నెగటివ్‌గా తీయించు. 35 ఎంఎం అయితే ఎలాగూ అదే దారి. సయనోటైప్‌లా నెగటివ్‌ని కాగితానికి ఆనించి తీసే కాంటాక్ట్ ప్రింటులో నెగటివ్ ఎంతో బొమ్మా అంతే.

పూత పూసిన కాగితం మాత్రం ఆరగానే వాడెయ్. శ్రీకాకుళంలో ఓ జులై చెమ్మకి నేను పది కాగితాలు పారేశాను. బోరునీళ్లలో నీలం వెలిసిపోతుంటే, మొదటి కడుగులో కాస్త వెనిగర్ కలుపు.