డిగ్రీ చదువుతూ నీట్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో పాసయ్యాను. నీట్‌లో 262 మార్కులే రావడంతో బీఎస్సీ జువాలజీలో చేరాను. ఇప్పుడు రెండో సంవత్సరం. మళ్లీ రాయాలని ఉంది. డిగ్రీ మానేసి లాంగ్‌టర్మ్‌లో చేరమని మామయ్య అంటున్నారు, ఉన్న చదువు పోగొట్టుకోవద్దని నాన్న అంటున్నారు. డిగ్రీ మార్కులు సీటుకు ఏమైనా పనికొస్తాయా? ఇంట్లో ఉండి చదివితే అయ్యే పనేనా?
— ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: డిగ్రీ మార్కులు ఎంబీబీఎస్ సీటుకు పనికిరావు. అర్హతకు ఇంటర్ చూస్తారు, సీటుకు నీట్ ర్యాంకు చూస్తారు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ పాసై ఉండాలి. ఇంగ్లిష్ కూడా పాసై ఉండాలి. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క లేదు. డిగ్రీలో ఉన్నంత మాత్రాన అనర్హులు కారు.

ముందు అంకెలు చూడండి. 2025లో జనరల్ వాళ్లు 720కి 144 తెచ్చుకుంటే 'అర్హత' సాధించినట్టే. అలా అర్హత పొందినవారు దేశం మొత్తం మీద 12.36 లక్షల మంది. ఎంబీబీఎస్ సీట్లు 1.2 లక్షలకు అటూ ఇటూ. అర్హత వచ్చిందని బంధువులకు మిఠాయిలు పంచే ఇళ్లు మన జిల్లాలో చాలానే ఉన్నాయి గానీ, ఆ గీత దాటడానికీ సీటు రావడానికీ సంబంధం లేదు. మీ 262 అర్హతకు చాలిన మార్కులే, సీటుకు మాత్రం చాలా దూరం. ఇంకెంత కావాలని లెక్కేసేముందు ఆ 262 ఎక్కడెక్కడ వచ్చాయో తీసి చూడండి. బయాలజీకి 360, కెమిస్ట్రీకి 180, ఫిజిక్స్‌కు 180. బైపీసీ పిల్లల్లో ఎక్కువమందికి ఫిజిక్స్‌లోనే గండి పడుతుంది. 2025 పేపర్లో ఫిజిక్స్ బాగా చదివినవాళ్లను కూడా ముంచింది.

ఇక మానాలా వద్దా అన్నది. ఇప్పుడే మానకండి. దసరా దాకా డిగ్రీతో పాటే చదివి, సెలవుల్లో మూడు పాత పేపర్లు వరసగా మూడు రోజులు, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, ఓఎంఆర్ షీటు మీద రాయండి. బయాలజీలో 280 దాటి, ఫిజిక్స్‌లో 70 దాటితే ఇంట్లో ఉండి చదివినా ముందుకు వెళ్లగలరు. ఫిజిక్స్ 40 దగ్గరే ఆగిపోతే రోజుకు నాలుగు గంటలు సరిపోవు. అప్పుడు మీ మామయ్య మాట ఆలోచించవచ్చు. ఇది నియమమేమీ కాదు, మా అంచనా. అయితే ముగ్గురి అభిప్రాయాల కంటే మూడు పేపర్ల మార్కులే నయం.

పాత పేపర్లు ఎంచుకోవడంలో ఒక మెలిక ఉంది. 2025 నుంచి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, అదనపు ప్రశ్నలిచ్చి కొన్ని ఎంచుకోమనే ఛాయిస్ లేదు. 2020, అంతకు ముందు నాలుగైదేళ్ల పేపర్లు సరిగ్గా ఈ లెక్కలోనే ఉంటాయి. 2022, 23, 24 పేపర్లలో 200 ప్రశ్నలిచ్చి 180 రాయమన్నారు, సమయం కూడా 200 నిమిషాలు. వాటితో సాధన చేసి 'టైం సరిపోతోంది' అనుకుంటే పరీక్ష రోజున దెబ్బ తింటారు. పాత పేపర్లలో ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్లు, జీర్ణవ్యవస్థ, ఖనిజ పోషణ వంటి వాటి ప్రశ్నలు వస్తే కొట్టేయండి. 2024 నుంచి అవి సిలబస్‌లో లేవు. మీ పాత తెలుగు అకాడమీ పుస్తకాల్లో మాత్రం ఉన్నాయి, వాటి మీద వారాలు పోగొట్టుకోకండి.

బీఎస్సీ చదువు నీట్‌కు ఉపయోగపడుతుందా అంటే, కెమిస్ట్రీలో పడుతుంది. ఆర్గానిక్ చర్యల క్రమం, ఉష్ణగతికశాస్త్రం, చర్యావేగం డిగ్రీలో ఒకసారి చదివితే నీట్ ప్రశ్న తేలికగా కనిపిస్తుంది. బయాలజీలో మాత్రం అదే చదువు ఒక్కోసారి అడ్డం వస్తుంది. డిగ్రీ బోటనీలో నీలి ఆకుపచ్చ శైవలాలను శైవలాల పాఠంలో కలిపి చెబుతారు. నీట్‌కు ఆధారమైన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం విట్టేకర్ 1969 నాటి అయిదు రాజ్యాల వర్గీకరణ ప్రకారం వాటిని బాక్టీరియాలుండే మొనీరాలో పెట్టింది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి వచ్చే ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) డిగ్రీ బయోకెమిస్ట్రీలో 30 లేదా 32, ఎన్‌సీఈఆర్‌టీలో 38. పరీక్షలో ఎన్‌సీఈఆర్‌టీ మాటే చెల్లుతుంది. అందుకని కాలేజీ నోట్సు, నీట్ నోట్సు ఒకే పుస్తకంలో రాయకండి. రెండూ కలిస్తే మే నెల పరీక్షలో ఏది గుర్తొస్తుందో చెప్పలేం.

రోజు లెక్క ఇలా పెట్టుకోండి. పొద్దున 5 నుంచి 7 దాకా ఫిజిక్స్ లెక్కలు మాత్రమే, చదవడం కాదు, కాగితం మీద చెయ్యడం. సాయంత్రం గంటన్నర బయాలజీ, గంట కెమిస్ట్రీ. బస్సులో పోయే సమయానికి కూడా పనుంది, నిన్న చదివిన బయాలజీ పేజీలోని పటాల పేర్లు నెమరేసుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం పరీక్ష, రాత్రికి తప్పుల లెక్క. తప్పులను మూడు రకాలుగా విడదీయండి: తెలియక తప్పినవి, లెక్కలో జారినవి, ప్రశ్న సరిగా చదవక పోయినవి. 'సరికానిది ఏది' అన్న ప్రశ్నకు సరైనది పెట్టేసి వచ్చేవాళ్లు ఎంతోమంది. మూడో రకం తప్పులకు మళ్లీ పాఠం చదివి లాభం లేదు. ప్రశ్నలో 'కానిది' అన్న మాట కింద గీత గీసే అలవాటే మందు.

ఫిజిక్స్ మొదటి పాఠం నుంచి వరసగా మొదలెట్టకండి. ముందు ఇరవై రోజులు లెక్కల పనిముట్లు పట్టండి: పది ఘాతాలు, లాగరిథంలు, 30, 45, 60 డిగ్రీల సైన్ కాస్ విలువలు, సదిశలు, తేలికపాటి అవకలనం. బైపీసీలో గణితం వదిలేసిన దగ్గరే ఫిజిక్స్ కూడా వదులైపోతుంది. ఆ తర్వాత విద్యుత్ ప్రవాహం, అర్ధవాహకాలు, పరమాణువులు, కేంద్రకాలు, ప్రమాణాలు, కిరణ దృశాశాస్త్రం చేయండి. సూత్రం తెలిస్తే మార్కు ఇచ్చే పాఠాలివి. భ్రమణ చలనం చివరికి ఉంచినా నష్టం లేదు.

సెమిస్టర్ పరీక్షలు ఏప్రిల్, మే నెలల్లో నీట్‌కు అడ్డం పడవచ్చు. ఒక పేపరు బ్యాక్‌లాగ్ మిగిలినా తర్వాత రాసుకోవచ్చు. నీట్ మాత్రం ఏడాదికి ఒక్కసారే. హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకోండి. తగ్గితే ఏకంగా సెమిస్టరే పోవచ్చు.

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ చదివి బీఎస్సీలో చేరాను. డాక్టర్ కావాలనే కోరిక ఇప్పుడు పుట్టింది. నాకు దారి ఉందా?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఉంది. ఇంటర్ తర్వాత గుర్తింపు పొందిన బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనవారూ నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అదే ఎన్‌ఐఓఎస్‌లో సీనియర్ సెకండరీకి ఒక్క బయాలజీ సబ్జెక్టుకే చేరవచ్చు. దాని కోడ్ 314. థియరీ, ప్రాక్టికల్ రెండూ వేర్వేరుగా పాసవ్వాలి. ప్రాక్టికల్‌కు వెళ్లకుండా వదిలేస్తే మొత్తం పోయినట్టే. వాళ్ల పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి జరుగుతాయి. మీరు అక్టోబరు పరీక్ష రాయండి. ఏప్రిల్‌లో రాస్తే అది నీట్‌తో ఢీకొంటుంది, కౌన్సెలింగ్ నాటికి మెమో చేతికి రాకపోయే ప్రమాదమూ ఉంది.

చదువు సంగతికొస్తే, బయాలజీ మీకు సున్నా నుంచి మొదలు, అదీ సగం మార్కుల సబ్జెక్టు. ఇప్పటి ఎన్‌సీఈఆర్‌టీలో పదకొండో తరగతికి 19, పన్నెండుకు 13, మొత్తం 32 పాఠాలు. వారానికి ఒకటి చొప్పున ఎనిమిది నెలలు. ఫిజిక్స్‌లో బైపీసీ పిల్లల కంటే మీరు ముందుంటారు, ఆ ధీమాతో దాన్ని పూర్తిగా వదిలేయకండి.

ప్రశ్న: మాకు బరంపురం దగ్గర. అక్కడ సెంటర్ పెట్టుకోవచ్చా? ప్రశ్నపత్రం తెలుగులో ఎంచుకుంటే మేలా, ఇంగ్లిష్‌లోనా?
— ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: ఇంగ్లిష్ పత్రం అయితే, దరఖాస్తులో మీకు చూపే నగరాల్లో బరంపురం ఉంటే పెట్టుకోవచ్చు. తెలుగు పత్రం కావాలంటే మాత్రం సెంటర్ ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉండాలి. ఒడిశాలో తెలుగు పత్రం ఇవ్వరు. దగ్గర కదా అని బరంపురం పెట్టి, అక్కడ తెలుగు కోసం వెతుక్కోకండి.

తెలుగు ఎంచుకుంటే పుస్తకంలో ప్రతి ప్రశ్నా రెండు భాషల్లోనూ ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది. ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవారికి ఇది భరోసాయే. కానీ రెండు భాషలూ చదువుకుంటూ పోతే సమయం కరిగిపోతుంది. ఒక భాష చదవండి, మాట తట్టనప్పుడే రెండోది చూడండి. దరఖాస్తు గడువు, దిద్దుబాటు గడువు దాటాక భాష మార్చడం కుదరదు.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఇంకా రాయవచ్చా?
— ఒక పాఠకురాలు, గజపతినగరం

జవాబు: రాయవచ్చు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. గరిష్ఠ వయసు లేదు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో ఉంటూ నీట్‌కు చదువుతోంది. మేము బీసీ. సర్టిఫికెట్లు ఏవేవి, ఎప్పుడు తెచ్చుకోవాలి? డిగ్రీ కాలేజీ వాళ్లు ఒరిజినల్స్ ఇస్తారా?
— ఒక తండ్రి, చీపురుపల్లి

జవాబు: మొదట తేల్చుకోవలసింది, మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందా లేదా అన్నది. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. ఇక్కడ బీసీ అయిన ప్రతి కులమూ అక్కడ ఓబీసీ కాదు. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో ఆంధ్రప్రదేశ్ జాబితా తీసి కులం పేరు అక్షరం పొల్లు పోకుండా సరిచూడండి. ఉంటే, తహసీల్దారు దగ్గర కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆ ఆర్థిక సంవత్సరం తేదీతో. లేకపోతే నీట్ దరఖాస్తులో ఓబీసీ పెట్టడం తప్పు. జనరల్ పెట్టాలి. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు, వ్యవసాయ భూమి 5 ఎకరాల లోపు ఉండి, మిగిలిన షరతులకూ సరిపోతే కేంద్ర అవసరాలకు ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) సర్టిఫికెట్ పొందవచ్చు. దీనివల్ల రాష్ట్ర కౌన్సెలింగ్‌లో మీ బీసీ రిజర్వేషన్ ఎక్కడికీ పోదు. అక్కడ రాష్ట్ర కుల ధ్రువీకరణ చూస్తారు.

రెండోది స్థానికత. శ్రీకాకుళం, విజయనగరం ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి, 85 శాతం సీట్లు స్థానికులవే. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు దీనికి ఆధారం, అయినా 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోండి. మధ్యలో చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటే రికార్డుల కోసం ఎంఈవో కార్యాలయం చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడేదో వేసవిలో కాదు, ఇప్పుడే తిరగండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే ఆధార్‌ను మెమో ప్రకారం దిద్దించండి.

ఒరిజినల్స్ సంగతి: వాటిని సరిచూసి తిరిగి ఇచ్చేయాలి తప్ప కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఇవ్వమంటే రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోండి. టీసీ మాత్రం సీటు ఖాయమయ్యాకే తీసుకోండి. ముందే తీస్తే సీటు రాకపోయిన ఏడాది డిగ్రీ కూడా చేజారుతుంది.

ఇంకో మాట. నీట్ ర్యాంకు రాగానే విశ్వవిద్యాలయం దానంతట అదే పిలవదు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి విడిగా దరఖాస్తు చేయాలి. దేశవ్యాప్త 15 శాతం కోటాకు కేంద్ర మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, అంటే ఎంసీసీలో మరో దరఖాస్తు. ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కాలేజీ పేరు ఒక్కటే చూడకండి, పక్కన కేటగిరీ కూడా చూడండి. విజయనగరం ప్రభుత్వ కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది, ఆ ఏడాది వచ్చిన కొత్త ప్రభుత్వ కళాశాలల్లో ఎక్కువ ఫీజుండే సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లూ పెట్టారు. నెల్లిమర్ల మిమ్స్, రాగోలు జెమ్స్ వంటి ప్రైవేటు కళాశాలల్లో 'ఏ' కేటగిరీ (కన్వీనర్ కోటా) ఫీజుకూ 'బీ' కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఫీజుకూ పొంతనే ఉండదు.

ప్రశ్న: తెలియని ప్రశ్నలకు ఊహించి పెట్టవచ్చా, వదిలేయాలా?
— ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఒప్పుకు 4, తప్పుకు ఒకటి కోత. నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి, మిగిలేది 1. పెద్ద లాభం కాదు, నష్టమూ కాదు. రెండు ఆప్షన్లు ఖాయంగా కొట్టేయగలిగితే పెట్టేయండి, రెండు ప్రశ్నలకు సగటున 3 మార్కులు మిగులుతాయి. అసలు కోత ఎక్కువగా పడేది ఊహించిన వాటి దగ్గర కాదు, 'ఎక్కడో చదివాను' అనిపించిన వాటి దగ్గర. ఆ ఆప్షన్‌ను పేపరు తయారుచేసినవాళ్లు మీ కోసమే పెట్టి ఉంటారు. ఇంటి దగ్గర రాసే పరీక్షల్లో అలాంటి జవాబుల పక్కన చుక్క పెట్టి, అందులో ఎన్ని ఒప్పయ్యాయో ఆరు వారాలు లెక్క రాయండి. సగం కంటే ఎక్కువ ఒప్పవుతుంటే మీ జ్ఞాపకాన్ని నమ్మండి. పావు వంతు కూడా ఒప్పవకపోతే వదిలేయండి.

సమయం బయాలజీకి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కు 70 పెట్టుకుని, 10 చేతిలో ఉంచుకోండి. ఓఎంఆర్ షీటులో గడులు ఏ పేజీ ప్రశ్నలకు ఆ పేజీ కాగానే నింపండి. అన్నీ చివర్లో నింపుదామని కూర్చుంటే ఒక్క గడి జారి కింద ఉన్నవన్నీ తప్పవుతాయి, బాల్‌పెన్ గీత చెరపడానికి ఉండదు.