ఎర్ర మచ్చ కనబడిందని మోటారు వేయకండి

సందేహం: మూడు ఎకరాల నల్లరేగడిలో పత్తి వేశాను. 85 రోజుల పైరు, కాయ బాగా పట్టింది. పద్దెనిమిది రోజుల బెట్ట తర్వాత పుబ్బ కార్తెలో ఒక రాత్రి కుండపోతగా కురిసింది. మర్నాడు ఎండ కాసేసరికి వాగు వైపు పల్లంలో మొక్కలు ఉన్నట్టుండి తలలు వేలాడేశాయి. ఇది జరిగి నాలుగు రోజులైంది. మందు కొట్టే డ్రోన్ కుర్రవాడు వేడిని చూపే కెమెరాతో మధ్యాహ్నం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు, దాన్ని దీనితో జత చేశాను. వడలిన చోటు ఎర్రగా, చేను చివర దున్ని వదిలేసిన చోటు నీలంగా వచ్చింది. ఎరుపంటే నేల ఎండిపోయినట్టని, బావి నీళ్ళు పెట్టమని అన్నాడు. మందుల దుకాణంలో ఎండు తెగులని చెప్పి మూడు సీసాలు ఇచ్చారు. మొక్క పీకి చూస్తే వేరు బాగానే ఉంది. నీళ్ళు పెట్టాలా, మందు కొట్టాలా?
– ఒక రైతు, జైనథ్ మండలం, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: బావి నీళ్ళూ వద్దు, ఆ మూడు సీసాల మందూ వద్దు. ముందు ఆ మోటారు జోలికి వెళ్ళకండి. మీ చేను దాహంతో వడలలేదు, ఊపిరాడక వడలింది.

ఇది ఎండు తెగులు కాదు. తెగులైతే కాండం చీల్చినప్పుడు లోపల గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. వేరుకుళ్ళయితే మొక్క లాగగానే ఊడి వస్తుంది, వేరు బెరడు పీచులా చీలిపోతుంది. వేరు బాగుందని మీరే రాశారు. అనుమానం తీరాలంటే ఒక కాండం నిలువునా చీల్చి చూడండి, తెల్లగా ఉంటే మరి ఆలోచించనక్కరలేదు. మీది పారావిల్ట్, అంటే ఆకస్మిక వడలు. బెట్టకు నెర్రెలు విచ్చిన రేగడిలోకి ఒక్కసారిగా నీరు దిగుతుంది, నేల ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి, వేళ్ళకు గాలి అందదు. పైన ఎండ, కొమ్మల నిండా కాయల బరువు. అందుకే బాగా కాసిన మొక్కలే ముందు వాలిపోతాయి.

ఇక ఆ ఫొటో సంగతి. కెమెరా అబద్ధం చెప్పలేదు, చూసినవారు తప్పుగా చదివారు. ఆ కెమెరా తేమను కొలవదు, పైపొర వేడిని మాత్రమే కొలుస్తుంది. దున్ని వదిలిన చోట అది చూసింది మట్టిని. తడి ఆవిరవుతూ మట్టిలోని వేడిని తీసుకుపోతుంది కనుక, కొత్త కుండలో నీళ్ళు చల్లబడినట్టే, ఆ చోటు నీలంగా కనబడింది. పత్తి కమ్ముకున్న చోట అది చూసింది ఆకుల్ని. ఆకు కూడా పత్రరంధ్రాల గుండా నీటిని ఆవిరి చేసి తనను తాను చల్లబరచుకుంటుంది. వేరు ఉక్కిరిబిక్కిరైతే ఆ రంధ్రాలు మూసుకుంటాయి, ఆకు కాగిపోతుంది. అలా నీళ్ళు లేని చేనూ ఎర్రగానే వస్తుంది, నీళ్ళు నిలిచిన చేనూ ఎర్రగానే వస్తుంది. తేడా తేల్చేది డ్రోన్ కాదు, గడ్డపార. ఎర్ర మచ్చలో ఒక అడుగు లోతు తవ్వండి. మట్టి చేతివేళ్ళకు జిగటగా అంటుకుని మురుగు వాసన వస్తే సంగతి తేలిపోయినట్టే. ఇంత సులువైన పరీక్షను వదిలేసి ఫొటో చుట్టూ తిరుగుతున్నాం.

ఈ రోజే చేయవలసిన పని, పల్లం నుంచి వాగు దాకా సాళ్ళ మధ్య ఒక అడుగు లోతు కాలువ తీసి నిలిచిన నీటిని బయటకు పంపడం. ఇది కాకుండా మిగతావి ఎన్ని చేసినా దండగ. తర్వాత 10 లీటర్ల నీటికి 25 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 200 గ్రాముల యూరియా కలిపి, వడలినా ఇంకా పచ్చగా ఉన్న మొక్కల మొదళ్ళలో ఒక్కొక్కదానికి 150 మిల్లీలీటర్లు పోయండి. ఆకులు ఎండి రాలిన మొక్కలకు పోసి మందు వృథా చేయకండి. వాలని మొక్కలకు అసలే అక్కరలేదు. నాలుగైదు రోజులకు చేను కాలు పెట్టేంతగా ఆరాక పొటాషియం నైట్రేట్ (13-0-45) లీటరుకు 10 గ్రాముల చొప్పున పిచికారీ చేసి, వారం తర్వాత మరోసారి చేయండి. నేల పదునుకు వచ్చినప్పుడు ఎకరాకు 30 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ వేయండి. నీళ్ళలో యూరియా చల్లితే మీ డబ్బు వాగులో కలుస్తుంది.

ఈ వడలుకు కోబాల్ట్ క్లోరైడ్ అనే రసాయనం కొట్టమని ఎవరైనా చెప్పే ఉంటారు. లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 100 లీటర్లకు ఒక గ్రాము. అయితే తలలు వాలిన కొద్ది గంటల్లో, మహా అయితే ఒక్క రోజులోపు కొట్టాలి. మీకు నాలుగు రోజులు దాటిపోయింది, కొనకండి.

ఆ మూడు సీసాలు వెనక్కి ఇచ్చేయండి. బిల్లు తీసుకున్నారా? లేకపోతే వెనక్కి తీసుకోరు, వచ్చేసారైనా అడగండి. తెగులు లేని చోట తెగులు మందు, పురుగు లేని చోట పురుగు మందు, వాటి పైన ఒక టానిక్. మొక్కను చూడకుండా, కాండం చీల్చకుండా కౌంటర్ వెనుక కూర్చుని రోగం పేరు చెప్పేవారి మాట మీద మూడు మందులు ఒకే ట్యాంకులో కలపడం ఎంత ప్రమాదమో మీ ప్రాంతం వారికి నేను చెప్పాలా? 2017లో పెన్‌గంగకు అవతల యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ దాదాపు 20 మంది రైతులు, కూలీలు విషప్రభావంతో చనిపోయారు. ఏటి ఇవతల మాత్రం ఆ అలవాటు తగ్గిందా అంటే, నాకు వచ్చే ఉత్తరాలు చూస్తే అలా అనిపించడం లేదు.

వేడి కెమెరాను పూర్తిగా కొట్టిపారేయడం లేదు. చేనులో నీరు ఎక్కడ నిలుస్తుందో గుర్తించి కాలువలు వేసుకోవడానికి అది పనికొస్తుంది, కాని పైరు కమ్మిన ఇప్పుడు కాదు. మృగశిరలో తొలి వానలు పడ్డాక, విత్తకముందు, నేల బయట పడి ఉన్నప్పుడు తీయించండి. వాన వెలిసిన రెండు మూడు రోజులకు, మబ్బు, గాలి లేని రోజు చూసుకుని మధ్యాహ్నం ఒంటిగంట, రెండున్నర మధ్య తీయాలి. తడి నేల చల్లగా కనబడుతుంది. అదే చోటిని తెల్లవారుజామున ఐదింటికి మరోసారి చూడండి. దానికి డ్రోన్ ఎగరేయనక్కరలేదు, గట్టు మీద నిలబడి చేతి కెమెరాతో చూస్తే చాలు. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి ఆ వేళకు తడి నేల పొడి నేల కంటే వెచ్చగా ఉంటుంది. పగలు చల్లగా, తెల్లవారుజామున వెచ్చగా వచ్చిన చోటే నిజంగా నీరు నిలిచే చోటు, అక్కడ మేకులు పాతండి. పగలు మాత్రమే చల్లగా ఉంటే అది చెట్టు నీడో, గడ్డి మొలిచిన చోటో కావచ్చు. పొద్దు పొడిచిన కాసేపటికి, మళ్ళీ పొద్దుగూకే వేళకు తడి, పొడి రెండూ ఒకే వేడికి వస్తాయి. ఆ రెండు వేళల్లో తీసిన ఫొటోకు డబ్బు ఇవ్వకండి. పత్తి తీసేశాక మాఘంలో తీయిద్దామని ఆగినా లాభం లేదు. అప్పటికి రేగడి పైపొర ఎండి పెచ్చు కడుతుంది, కింద ఎంత తేమ ఉన్నా కెమెరాకు అందదు.

ఉపగ్రహం ఫొటోలతో తడి చూపిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఉచితంగా దొరికే ల్యాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాల వేడి చిత్రంలో ఒక చుక్క 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. మీ పొలం మొత్తం ఒకటి రెండు చుక్కల్లో ఇమిడిపోతుంది. పైగా వానాకాలంలో మబ్బు కమ్మితే ఆ కంటికి నేలే కనబడదు.

మేకులు పాతిన చోట వచ్చే ఏడు బోదెలు కట్టి బోదెల మీద విత్తండి, చివర ఒక కాలువను వాగులోకి విడవండి. ఈలోగా ఆ కుర్రవాడి దగ్గర అసలు ఫైలు అడిగి తీసుకోండి. ఎరుపు, నీలం అతని కంప్యూటర్ వేసిన రంగులే. ఆ ఫొటోలో అన్నిటికంటే వేడిగా ఉన్నదానికి ఎరుపు పడుతుంది, అది 32 డిగ్రీలైనా 42 అయినా సరే. పక్కన ఉండే పట్టీలో డిగ్రీలు చూడాలి. మీకు వాట్సాప్‌లో పంపిన ఫొటోలో ఆ పట్టీ కత్తిరించి ఉంది.