పదోవంతు లెక్క సరే, అమ్మ వంతు ఎవరిది?

ప్రశ్న: నేను తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నా వయసు 51. మా సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని, సండే స్కూలు కూడా నేనే చూస్తాను. సంఘానికి ఇచ్చే పదోవంతు, అంటే దశమభాగం, జీతం మొత్తం మీద తీయాలా, కోతలు పోగా చేతికి వచ్చినదాని మీద తీయాలా అని ప్రతి నెలా మా వారితో గొడవ. కొంత ఆయనకు తెలియకుండా గుడి కానుక కవరులో వేస్తున్నాను. ఇది పాపమా? అమ్మకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది, విజయవాడలో అక్క దగ్గర ఉంది. గుడిలో పంట కానుకలు తెచ్చి వేలం వేసే కోతపండుగ ముందు పది రోజులు అమ్మను తీసుకెళ్లమని అక్క అడిగితే, సంఘం పనుల వల్ల వీలు కాదన్నాను. అప్పటి నుంచి నా ఫోను ఎత్తడం లేదు. తనకు దేవుని పని విలువ తెలియదు. అక్క మనసు మారాలంటే ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, దశమభాగం మీకు తోచినట్టు తీయండి. ఎవరి హృదయంలో వారు నిశ్చయించుకొన్నంత ఇమ్మని కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో పౌలు చెప్పాడే గాని, జీతం చీటీలో ఏ అంకె చూసుకోవాలో చెప్పలేదు. పుదీనాలోనూ జీలకర్రలోనూ కూడా పదోవంతు తప్పకుండా చెల్లిస్తూ, న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టినవారిని ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మత్తయి 23వ అధ్యాయంలో ఉంది; సండే స్కూలు పిల్లలకు ఆ భాగం మీరే చెప్పి ఉంటారు. ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో అసలు విషయం మీ వారితో వచ్చే గొడవ కాదు, మీ అక్కగారు. కానుకల గురించి అంత వివరంగా రాసిన మీరు అక్క గురించి చివర్లో నాలుగు ముక్కలు రాశారు, వాటిలో ఒకటి ఆమె మీద తీర్పు. పక్షవాతంతో మంచాన పడ్డ మనిషిని ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పగలైతే పనిమనిషి ఒక చెయ్యి వేస్తుందేమో, రాత్రి ఎవరు వేస్తారు? ఏడాదిన్నరగా మీ అక్కగారికి ఏకబిగిన నిద్ర ఉండి ఉండదని మీకు ఒక్కసారైనా తట్టిందా? ఆమె మిమ్మల్ని అడిగింది డబ్బు కాదు, పది రాత్రులు.

తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని 'కొర్బాను' అని, అంటే దేవునికి అర్పితమని చెప్పి తప్పుకొనే ఆచారాన్ని యేసు మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఖండించాడు. ఆనాడు వాళ్లు ఆస్తిని అలా అన్నారు. మీరు మీ సెలవు దినాలను అంటున్నారు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, పిల్లలు ముందు తమ ఇంటివారి పట్ల భక్తి చూపడం, కన్నవారికి ప్రత్యుపకారం చేయడం నేర్చుకోవాలని పౌలు రాశాడు. దాన్ని ఆయన భక్తి అనే అన్నాడు. మరి దేవుని పని విలువ మీ ఇద్దరిలో ఎవరికి తెలియనట్టు?

సంఘానికి ఇవ్వవద్దనే మనిషిని నేను కాను. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు, కూలినాలి చేసుకొనే పల్లె సంఘాలు కూడా ఇవ్వడం నేర్చుకోవాలని పట్టుబట్టినవారు. మన పల్లెల్లో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి విడిగా కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. కొన్నిచోట్ల ఇప్పటికీ తెస్తున్నారు. ఆ పిడికెడు ఇంటిల్లిపాదికీ కొలిచిన తరువాత తీసినది గనక, తగ్గేది అందరి కంచాల్లోనూ తలా కాస్త, ముందుగా వండే ఇల్లాలి కంచంలో. ముసలితల్లి కంచం ఎత్తేసి కుండ నింపిన ఇల్లాలు ఎవరూ లేరు. గృహనిర్వాహకత్వం అని, అంటే దేవుడిచ్చినదాన్ని నమ్మకంగా వాడుకోవడమని, ప్రసంగాల్లో వింటున్న మాటకు నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి పాఠం లేదు.

కాస్త కటువుగా అంటున్నానని నొచ్చుకోకండి. సంఘంలో చేసిన పనికి క్రిస్మస్ నాడు శాలువా కప్పుతారు, పాస్టరు అయ్యగారు పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. అర్ధరాత్రి తడిసిన పక్కబట్టలు మార్చినదానికి ఎవరూ శాలువా కప్పరు. మీ సంఘ పెద్దలకూ ఇందులో పాలుంది: ఏడాదిన్నరగా మీ చేత అన్ని పనులూ చేయించుకొంటూ, మీ అమ్మగారు ఎలా ఉన్నారని వాళ్లు ఎన్నిసార్లు అడిగారో మీరే లెక్క వేసుకోండి.

అందుచేత అక్క మనసు మార్చే మాటలు నా దగ్గర లేవు. మారవలసింది ఆమె కాదు. ముందు మీ వారితో మాట్లాడి మీ అమ్మగారిని ఏడాదిలో ఆరు నెలలు మీ ఇంట్లో ఉంచుకొంటామని నిర్ణయించుకోండి. కానుక దగ్గర పేచీ పెట్టే ఆయన ఈ ఖర్చు దగ్గర పెట్టకపోవచ్చు. మీరు బడికి వెళ్లే వేళకు మనిషిని పెట్టుకోక తప్పదు, దానికి డబ్బవుతుంది. కవరులో తెలియకుండా వేయడం కూడా ఆ రోజే మానండి. ఎంత ఇచ్చినా ఆయనకు చెప్పి ఇవ్వండి. కార్యదర్శి పదవి ఈ ఏడాదికి ఇంకొకరికి అప్పగించండి. కోతపండుగ నాడు వేలంలో ఎవరు గుమ్మడికాయ పాడుకొన్నారో, ఎవరు కోడిపుంజు పాడుకొన్నారో రాసుకోవడానికి మీరే ఉండనక్కరలేదు.

ఆ తరువాత ఫోను చేయకండి, ఎత్తదు. శనివారం బడి కాగానే మీ వారితో కలిసి బస్సెక్కి విజయవాడ వెళ్లండి. వాక్యాలు చెప్పవద్దు, 'నీకోసం ప్రార్థన చేస్తున్నానే' అని అసలే అనవద్దు. ఆ రాత్రి అమ్మ పక్కన మీరు పడుకొని, అక్కను వేరే గదిలో పడుకోమనండి. ఎప్పుడు తీసుకెళ్తారో, ఎన్నాళ్లు ఉంచుకొంటారో తెల్లారాక తేదీలతో సహా చెప్పండి. ఆమె నాలుగు మాటలు అంటే పడండి, పెద్దది.