గృహప్రవేశం మర్నాడు ఖాతాలో ఎంత ఉంది?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. ఆరు నెలల కిందట నెల్లూరు వేదాయపాళెంలో పద్దెనిమిదేళ్ల పాత ఇల్లు 46 లక్షలకు కొన్నాం. 34 లక్షలు బ్యాంకు లోను, ఈఎంఐ 29,500. ఇద్దరి జీతాలూ కలిపి 72,000. చేతిలో 22,000 ఉంది. నెలకు 5,000 చొప్పున రెండు లక్షల చీటీ ఇంకో తొమ్మిది నెలలు కట్టాలి. ఇంట్లో దిగీదిగగానే మోటారు కాలిపోయింది. మిద్దె ఉరుస్తా ఉంటే ఒక మేస్త్రి 30,000 అడ్వాన్సు తీసుకుని, రెండు రోజులు పైన ప్లాస్టరింగ్ కొట్టి, మళ్లీ కనపడలేదు. ఎలక్ట్రీషియనేమో వైరింగంతా మార్చాలంటున్నాడు. ఈ ఊళ్లో మాకెవరూ తెలియదు. నమ్మకమైన పనివాళ్లను ఎలా పట్టుకోవాలి? మిద్దెకు 50,000, వైరింగుకు 70,000, మాడ్యులర్ కిచెన్‌కు 1,80,000, మొత్తం మూడు లక్షలు తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ మూడు లక్షల సంగతి ముందు తేల్చేద్దామమ్మా. వద్దు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నెలకు 6,000 వడ్డీకే పోతుంది. ఏడాది తిరిగేసరికి 72,000 కట్టి ఉంటారు, అసలు మూడు లక్షలూ కదలకుండా అక్కడే ఉంటుంది. మీ ఇద్దరూ ఒక నెలంతా ఆయన కోసం పనిచేసినట్టు. సంతకం పెట్టిన ఖాళీ ప్రోనోటూ చెక్కులూ కూడా అడుగుతాడు. తెలిసినాయన కదా అని మొహమాటంతో ఇచ్చేస్తారు. ఇవ్వకండి.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. ఇల్లు కొన్న పది మందిలో ఎనిమిది మంది నా దగ్గరికి ఇదే అవస్థతో వస్తారు. మీ లెక్కే చూడండి. లోను పోగా 12 లక్షలు చేతి డబ్బు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం. 46 లక్షల మీద అదొక 3,45,000. ఆపైన గృహప్రవేశం, భోజనాలు, బట్టలు. వాస్తు చూపించి ఉంటారు, ఇంటి మీద పాత అప్పులున్నాయేమోనని ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి ఉంటారు. ఇంట్లో దిగిన మర్నాడు ఖాతాలో ఎంత మిగలాలన్నది మాత్రం ఎవరూ లెక్క వేసుకోరు. అద్దింట్లో మోటారు కాలితే ఓనరుకు ఫోన్ చేసేవాళ్లు. ఇప్పుడు ఓనరు మీరే.

నమ్మకమైన మనుషులు కావాలన్నారు. నేను మళ్లీ అత్యవసర నిధి, అంటే ఆపదకని విడిగా దాచుకునే డబ్బు, దగ్గరికే వస్తాను, విసుక్కోకండి. ఉదయం ఆరింటికి ట్యాంకు ఖాళీ అయి, బిందె పట్టుకుని పక్కింటి కుళాయి దగ్గర నిలబడ్డవాళ్లు బేరం ఆడలేరు, మనిషిని ఎంచుకోలేరు. ఎవడు ముందు దొరికితే వాడే. చేతిలో లక్ష ఉన్నవాళ్లు మరో ఇద్దరికి చూపించి, అప్పుడు పని ఒప్పజెబుతారు. మీకు మేస్త్రి కుదరకపోవడానికి ఊరు కొత్త కావడం సగం కారణమే.

నాకూ ఒకసారి అయింది. సాయంత్రం మోటారు ఆగిపోతే, దొరికినతను వచ్చి స్టార్టర్ పెట్టె మూత కూడా విప్పకుండా ‘వైండింగ్ పోయింది సార్, పైపులన్నీ పైకి తీయాల’ అన్నాడు. రేపు చెబుతానని పంపించేసి, ఆ పూటకు నీళ్ల ట్యాంకర్ తెప్పించుకున్నాను. మర్నాడు వీధి చివరి ఇంటివాళ్లు చెప్పిన ముసలాయన వచ్చి పెట్టె తెరిచి, ఉబ్బిపోయిన కెపాసిటర్ నా చేతిలో పెట్టాడు. కొత్తది వేశాడు, మోటారు తిరిగింది. ఆ ఒక్క రాత్రి ఆగగలిగానంటే ట్యాంకర్‌కి డబ్బుండబట్టే. ఇప్పటికీ మా ఇంటికి ఆయనే వస్తాడు.

మనుషుల వేట మీకు ఇల్లమ్మినవాళ్ల దగ్గర మొదలుపెట్టండి. పద్దెనిమిదేళ్లు ఆ ఇంటిని నడిపినవాళ్లు వాళ్లు. బోరు ఎన్ని అడుగులు, మోటారు ఎవరు దించారు, వైరింగ్ ఎవరు లాగారు, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుంది, అన్నీ అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత ఇరుగుపొరుగు. ‘మంచి ప్లంబర్ ఉన్నాడా’ అని అడిగితే అందరూ ఎవరో ఒకరి నంబరిస్తారు. ‘అతన్ని రెండోసారి పిలిచారా’ అని అడగండి, సగం పేర్లు రాలిపోతాయి. హార్డ్‌వేర్ షాపువాళ్లు చెప్పిన పేరు తీసుకోండి కానీ, సామాను మీద పనివాళ్లకు షాపులో కమీషన్ ఉంటుందని మరవకండి. పెయింటు డబ్బాల మీద కూడా పెయింటర్‌కి టోకెన్లో పాయింట్లో వస్తాయి. అందులో తప్పేమీ లేదు, ఎక్కువ డబ్బాలు రాసిస్తున్నాడేమో చూసుకోవడం మీ పని.

కొత్త మనిషికి ముందు చిన్న పని ఇవ్వండి. కారే కుళాయి, పట్టని తలుపు గడియ. చెప్పిన పూటకు వచ్చాడా, పని చేసిన చోట ఊడ్చి వెళ్లాడా చూడండి. కూలి ఆ సాయంత్రమే చేతిలో పెట్టండి. ‘వచ్చే వారం ఇస్తాలే’ అనే ఇంటికి మంచి పనివాడు రెండోసారి రాడు. సామాను మీరే కొనండి, అడ్వాన్సు రెండు రోజుల కూలికి మించనివ్వకండి. పోయిన 30,000 గురించి ఆ మేస్త్రికి పనీ డబ్బూ తేదీలతో వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి, మిద్దె ఫొటోలు దాచుకోండి. వస్తాయని మాత్రం లెక్కలో వేసుకోవద్దు.

ఇక మీ మూడు పనులు. కిచెన్ ఆపేయండి. ఖాతాలో 22,000 పెట్టుకుని లక్షా ఎనభై వేల కిచెనా? పాత గట్టు మీద అన్నం ఉడకదా? వైరింగ్ అంతా ఒకేసారి మార్చాలన్న మాట, వైరు అమ్మే ఉద్దేశం లేని ఇంకో మనిషి చూసి చెప్పాకే నమ్మండి. ఈలోపు ఎర్తింగ్ సరిచూపించి, షాకు కొట్టకుండా కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి. మిద్దె మాత్రం ఆగదు. నెల్లూరికి అసలు వాన ఈశాన్య రుతుపవనాల్లోనే, కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే పని సాగదు. దానికి మాత్రం బ్యాంకులో నగ తాకట్టు పెట్టి 50,000 తెచ్చుకోండి. తాకట్టంటే నాకూ ఇష్టం లేదు, కానీ రెండు రూపాయల వడ్డీకన్నా చాలా నయం. ఈఎంఐ, చీటీ, 25,000 ఇంటి ఖర్చు పోగా నెలకు 12,500 మిగలాలి మీకు. నాలుగైదు నెలల్లో నగ ఇంటికి వస్తుంది. పర్సనల్ లోను, లోన్ యాప్‌ల వైపు చూడొద్దు.

నగ విడిపించాక ఆ 12,500లో 9,000 అత్యవసర నిధికి, 3,500 ఇంటి రిపేర్లకు వేరే ఖాతాలో పడాలి. చీటీ ఇప్పుడు పాడకండి. తొమ్మిది నెలలు ఓపిక పడితే వచ్చే చీటీ డబ్బంతా నేరుగా నిధిలోకే. నిధిలో ఉండాల్సింది ఈఎంఐతో కలిపి ఆరు నెలల ఖర్చు, 3,27,000. అది నిండేదాకా సోఫా మాట కూడా ఎత్తొద్దు.

బ్యాంకువాళ్లు లోనుతోపాటు అంటగట్టిన పాలసీ చదివారా? అది చాలాసార్లు మనిషికే, గోడలకు కాదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు ఏమైందో మీ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ‘భారత్ గృహ రక్ష’ వరదకూ తుపానుకూ వర్తిస్తుంది, ప్రీమియం ఏడాదికి మీ ఒక ఈఎంఐలో చిన్న ముక్క. పాతబడి ఉరిసే మిద్దెకు మాత్రం పైసా రాదు.

ఆ మిద్దె పని పూర్తయ్యాక ఆఖరి విడత వెంటనే ఇవ్వకండి. వాన నీళ్లు కిందికి పోయే గొట్టం నోట్లో గుడ్డ కుక్కి, మిద్దె మీద నీళ్లు నిలబెట్టి రెండు రోజులు వదిలేయండి. వాటం ఎటుందో, కింద గదిలో మచ్చ తేలిందో చూసుకుని, అప్పుడు లెక్క కట్టండి.