సెంటు భూమి లేని ఇంటి పిల్లకు వ్యవసాయం చదువెందుకు?

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. 5 ఎకరాలు కౌలుకు చేస్తున్నాం, మా పేరున సెంటు భూమి లేదు. పాప ఇంటర్ బైపీసీ పూర్తిచేసి ఈఏపీసెట్ రాసింది. ఏజీ బీఎస్సీ చదివి పాఠాలు చెప్పే ఉద్యోగం చేస్తానంటోంది. మా బావమరిదేమో ‘భూమి లేనోళ్లకు వ్యవసాయం చదువెందుకు బావా, నర్సింగ్‌లో చేర్చు’ అంటున్నాడు. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: మీ బావమరిది మాటను నేను కొట్టిపారేయను. ఒంగోల్లో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అనేది ఇదే. పొలం ఉన్నవాళ్లు ‘మా పిల్లలు మట్టిలో దిగకూడదు’ అంటారు. లేనివాళ్లు ‘మాకెందుకు మట్టి చదువు’ అంటారు. మరి ఆ సీట్లలో చేరేదెవరో!

ఇలాంటప్పుడు అందరూ చెప్పేది ఆచార్య ఎన్.జి. రంగా గారి కథ. నిడుబ్రోలు రైతు ఇంట్లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, తిరిగొచ్చి సొంతూళ్లోనే రైతు కార్యకర్తలకు పాఠశాల పెట్టారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది. కానీ ఆ కథ చెబితే మీ బావమరిది ‘వాళ్లకు పొలాలున్నాయిగా’ అని తేల్చేస్తాడు. అందుకని వేరే ఆయన సంగతి చెప్తాను.

ఆయన జార్జ్ వాషింగ్టన్ కార్వర్. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో 1864 ప్రాంతంలో పుట్టాడు. బానిస పిల్లాడు కాబట్టి పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. భూమి మాట అటుంచండి, ఆ ఇంట్లో వాళ్ల ఒళ్లు కూడా వాళ్లది కాదు. తల్లి మేరీని యజమాని కొనుక్కొచ్చాడు. తండ్రి పక్క కమతంలో బానిస, కొడుకు పుట్టే రోజుల్లోనే ప్రమాదంలో పోయాడు. పసివాడుగా ఉండగానే దోపిడీ ముఠా తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయింది. యజమాని ఒక గుర్రాన్ని ఇచ్చి బిడ్డను విడిపించుకున్నాడు. తల్లి జాడ మళ్లీ తెలియలేదు.

బానిసత్వం రద్దయ్యాక ఆ యజమాని దంపతులే ఈ పిల్లాడినీ అన్ననూ పెంచారు. ఒంట్లో బలం లేక పొలం పనికి పనికిరాడని ఇంటి పనుల్లో పెట్టారు. అదే కలిసొచ్చింది. పెరట్లో మొక్కలతో కాలక్షేపం చేసి, చుట్టుపక్కల వాళ్లకు మొక్కల వైద్యుడయ్యాడు. దగ్గర్లోని బడిలో నల్లవాళ్లను చేర్చుకోరని దూరంగా ఉన్న నియోషో అనే ఊరికి వెళ్లి, బట్టలుతికే ఒకావిడ ఇంట్లో పనులు చేస్తూ చదువుకున్నాడు. తర్వాత కాన్సాస్‌లో ఒక కాలేజీ ఉత్తరంలో సీటిచ్చింది. తీరా వెళ్లి నిలబడితే రంగు చూసి పొమ్మంది. ఇంకో కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకుంటుంటే, ఆయన గీసే మొక్కలు చూసిన టీచరమ్మ వ్యవసాయ కాలేజీకి వెళ్లమంది. అలా 1891లో అయోవాలో చేరి, అక్కడి మొదటి నల్లజాతి విద్యార్థిగా 1894లో డిగ్రీ, 1896లో ఎమ్మెస్సీ పూర్తిచేశాడు. అంటే డిగ్రీ చేతికొచ్చేసరికి 30 ఏళ్లు. మన వాళ్లు ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కే తల పట్టుకుంటారు!

1896లోనే అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థకు వెళ్లి, 1943లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. వేరుశనగ వెన్న కనిపెట్టింది ఆయనేనని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది నిజం కాదు. ఆయన అసలు పని వేరు. అక్కడ ఏటేటా పత్తి వేసి వేసి నేల చచ్చిపోయింది. సాగు చేసేవాళ్లలో ఎక్కువమంది పంటలో భాగమిచ్చే కౌలుదార్లు, మీలాంటి వాళ్లే. ఎరువులు కొనండని చెప్పి లాభం లేదని ఆయనకు తెలుసు. అడవిలో రాలిన ఆకులు, బాడవ నేలల్లోని బురదమట్టి తెచ్చి వేసుకోమన్నాడు. నేల కోలుకునేలా మధ్యలో ఒక ఏడు పత్తి మానేసి అలసందలు, చెనక్కాయలు వేయమన్నాడు. పొలం వదిలి కాలేజీకి రాలేని వాళ్ల కోసం 1906లో పనిముట్లూ విత్తనాలూ గుర్రబ్బండికెత్తించి, పాఠాన్నే ఊళ్లకు పంపించాడు.

ఈ కథలో నాకు పట్టుకున్నది పేదరికం కాదు. ఎదుటి మనిషి చేతిలో ఏముందో, ఏది లేదో ఎరిగి పాఠం చెప్పడం. మన దగ్గర కౌలు కార్డు గడువు 11 నెలలు. వచ్చే ఏడు ఎవరు చేస్తారో తెలియని పొలానికి పశువుల ఎరువు తోలించండని సభలో చెబితే, కౌలు రైతు లోపల నవ్వుకుంటాడు. ఎందుకు నవ్వుతాడో మీ పాపకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది చాలామంది ఆఫీసర్లకు సర్వీసంతా చేసినా పట్టుబడదు.

ఇక సీటు సంగతి. ఇక్కడ మాత్రం భూమి లేకపోవడం దెబ్బే. ఏజీ బీఎస్సీలో రైతుల పిల్లలకు కోటా ఉంది కానీ, దానికి పొలం కాగితాలు కావాలి. దుక్కి దున్నేది మీరు, కోటా వచ్చేది పట్టా ఉన్న ఆసామి పిల్లలకు. కౌలు కార్డు చెల్లుతుందని నమ్ముకోకండి, ఈ ఏటి ప్రాస్పెక్టస్ చదివి చూడండి. మామూలు సీట్లకూ మీ రిజర్వేషన్‌కూ ర్యాంకు సరిపోతుందా అన్నదే లెక్క పెట్టుకోండి. ఆప్షన్లలో ముందు బాపట్ల, తర్వాత తిరుపతి పెట్టండి. బాపట్ల కాలేజీ 1945 నాటిది, ఒంగోల్లో రైలెక్కితే గంటకు అటూ ఇటూ. ప్రైవేటు కాలేజీ అయితే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు కాగితం చూడనిదే ఒక్క రూపాయి కట్టొద్దు.

కాలేజీలో పాఠాలు చెప్పాలంటే బీఎస్సీ 4 ఏళ్లు, ఎమ్మెస్సీ 2, పీహెచ్‌డీ కూడా చేస్తే కనీసం మరో 3. పాపకు 27 దాటుతుంది. ఆ పోస్టులు కూడా రోజూ పడేవి కావు. ఈ లెక్కలో మీ బావమరిది చెప్పినట్టు నర్సింగే తొందరగా జీతం తెస్తుంది, కాదనను. అయితే బీఎస్సీ తర్వాత వ్యవసాయాధికారి పరీక్షలు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి. ఉద్యోగంలో చేరి కూడా పై చదువు చదవొచ్చు. పాఠం చెప్పడానికి కాలేజీయే కావాలనీ లేదు. దర్శి కృషి విజ్ఞాన కేంద్రంలో శాస్త్రవేత్తలు చేసేది రైతులకు పాఠం చెప్పడమే. ఒక రోజు పాపను తీసుకెళ్లి చూపించండి.

దానికి ముందు ఇంట్లో ఒక చిన్న పని. పచ్చగా ఉన్న అలసంద మొక్కనో కంది మొక్కనో ఒకటి గునపంతో మట్టితో సహా లేపి, వేళ్లు తెగకుండా నీళ్లలో కడగమనండి. వేళ్లకు ఆవగింజంత, మిరియమంత బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. అలా ఉంటే అందులోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టు. పాలిపోయి ఉంటే పని జరగట్లేదన్నమాట. ఇది పాప వాళ్ల మామయ్యకు చూపించి, తన మాటల్లో చెప్పాలి. ఆయన 5 నిమిషాలు ఫోన్ ముట్టుకోకుండా విన్నాడంటే నాకు కబురు పెట్టండి, ఆప్షన్లు దగ్గరుండి పెట్టిస్తాను.